రెక్కల్లేని కిటికీ

మా మామగారు పోయారని భవానీపురం నుంచి పొద్దున్నే మనిషి వచ్చి చెప్పాడు. గన్నవరం దగ్గర మా పొలంలో కుప్ప వేయించడానికి బయలుదేరుతున్నాను. నా భార్య వెంటనే ఏడవలేదు. "నీళ్ళు ఎవరు కాస్తున్నారో" అంది. ఆ మాట అర్థం కావాలంటే గ్యాస్ హీటరు సంగతి చెప్పాలి.

మామగారు మిషను ఆసుపత్రిలో స్టోర్సు చూసేవారు. చర్చిలో వెనక బల్ల మీద కూర్చునేవారు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. స్వదేశం వెళ్ళిపోతూ అక్కడి దొర డాక్టరు తన బంగళాలోని నీళ్ళు కాచే గ్యాస్ హీటరు ఆయనకిచ్చాడు. అప్పట్లో మా చుట్టాల్లో గ్యాస్ పొయ్యే అరుదు. ఎవరైనా చూడవస్తే మామగారు ఏమీ అనకుండా కుళాయి తిప్పి వేణ్ణీళ్ళు చూపించేవారు. ఆయన గర్వం అంతవరకే.

నా భార్య తొలి కాన్పు పుట్టింట్లోనే జరిగింది. బాలింతకు గాలి తగలకూడదని అత్తగారు స్నానాల గది కిటికీ మూసి, సందుల్లో పాత చీర పేలికలు కుక్కారు. హీటరు పొగ బయటికి పోయే కంతనూ వదల్లేదు. నెల నిండవస్తోంది కదా, తనే నీళ్ళు పోసుకుంటానని నా భార్య లోపలికి వెళ్ళింది. నేనూ మామగారూ వరండాలో ఉన్నాం. నీళ్ళ చప్పుడు వస్తోంది గాని మనిషి అలికిడి లేదు. మామగారు పేపరు పక్కన పెట్టి వెళ్ళి తలుపు కొట్టారు. రెండోసారి కొట్టలేదు. భుజంతో నెట్టి గడియ ఊడగొట్టారు. దుప్పటి చుట్టి కూతుర్ని పెరట్లోకి మోసుకొచ్చారు.

కాసేపటికి కళ్ళు తెరిచింది. అత్తగారు దిష్టి అన్నారు, పొరుగావిడ నీరసం అంది. ఆసుపత్రిలో డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. గాలాడని గదిలో ఆ మంట నుంచి వాసన లేని విషం పుడుతుందట. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదట. ఇంటికి రాగానే మామగారు హీటరు తీయించేస్తానన్నారు.

"ఇక కిటికీ మూయంలెండి. అంత మంచి వస్తువు తీసెయ్యడం దేనికండీ?" అన్నారు అత్తగారు.

"మూస్తారు. మళ్ళీ చలికాలం వస్తుంది, ఇంకో బాలింత వస్తుంది" అన్నారాయన.

మర్నాడు వన్‌టౌన్ నుంచి ఫిట్టరు వచ్చాడు, నోట్లో బీడీతో.

"ముందు ఆ బీడీ సంగతి చూడు" అన్నారు మామగారు.

"గ్యాస్ బండ కట్టేశారుగా బాబుగారూ!"

"కట్టేశాం. గొట్టంలో మిగిలింది నీ మాట వింటదా?"

ఫిట్టరు నవ్వి, వీధిలోకి వెళ్ళి ఆర్పి వచ్చాడు. మామగారు బండను విప్పించి పెరట్లో పెట్టించారు. తలుపు, కిటికీ బార్లా తీయించారు. హీటరుకొచ్చే నీళ్ళు కట్టేయించి, లోపల నిలిచినవి పూర్తిగా కారేదాకా ఎవరినీ తొందరపడనివ్వలేదు. దాన్ని గోడ నుంచి దించాక, గ్యాస్ గొట్టం కొసకు మరమూత బిగించారు. వంటింటి పొయ్యికని బండను తిరిగి కలిపాక, ఆ మూత మీద సబ్బు నురగ రాయించి, బుడగ లేస్తుందేమోనని మోకాళ్ళ మీద కూర్చుని చూశారు. లేవలేదు. అయినా మళ్ళీ రాయమన్నారు.

సంగతి తెలిసి, హనుమాన్ జంక్షన్‌లో లాడ్జీ నడిపే బంధువొకాయన వచ్చాడు. "పారేసేదేగా బావా, నాకిచ్చెయ్యి."

"నీ గదులకి కిటికీలున్నాయా?"

"ఎందుకు లేవు! దోమలని తియ్యం గాని."

మామగారు లోపలికి వెళ్ళి సుత్తి తెచ్చారు. బర్నరు నుజ్జయ్యేదాకా కొట్టి, పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేశారు. ఆ వారంలోనే కిటికీ రెక్కలు కూడా ఊడదీయించారు. ఊచలు మిగిలాయి.

అప్పటినుంచి పెరట్లో కట్టెల పొయ్యి మీద కాగు పెట్టి కూతురికి ఆయనే నీళ్ళు కాచారు. ఆమె లోపలికి వెళ్ళాక తలుపు బయట నిలబడి, "అమ్మాయ్" అనేవారు. "ఆ, నాన్నా" అని వినపడితే పొయ్యి దగ్గరికి వెళ్ళి కట్టె ఎగదోసేవారు. బిడ్డ బడికి వెళ్ళే వయసు వచ్చాక కూడా, మేం వెళ్ళినప్పుడల్లా అదే వరస. నా భార్య ఒక్కసారీ విసుక్కోలేదు. నా ఇల్లు ఇల్లుగా ఉందంటే ఆయన ఆ రోజు పేపరు పక్కన పెట్టబట్టే. ఆ మాట పైకి అననిచ్చే మనిషి కాదు.

మేం వెళ్ళేసరికి కాగులో నీళ్ళు మరుగుతున్నాయి. చివరి స్నానానికి ఆయన్ని స్నానాల గదిలోకి తీసుకెళ్ళారు. చలిగాలి కొడుతోందని, చాటుగానూ ఉంటుందని పొరుగావిడ కిటికీకి కట్టడానికి దుప్పటి తెచ్చింది. నా భార్య దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుంది.

"వద్దు పిన్నిగారూ. నాన్నకి గాలి రానివ్వండి."

ఆ దుప్పటి పట్టుకుని, ఆయన ఎప్పుడూ నిలబడే చోట నిలబడింది. లోపల నీళ్ళు పోస్తున్న చప్పుడు. పిలవలేదు. ఊచల్లోంచి ఆవిరి బయటికి వస్తూ ఉంది.