ఊరు పేరు లేని చిరునామా

1989 ఆగస్టు 6, ఆదివారం, మధ్యాహ్నం. నాచారంలో మా ఇల్లు. ఉన్నవారు: నేను, నా భార్య, వెనక వీధి సిపాయి తల్లి, అతని భార్య, ఆమె ఒడిలో రెండు నెలల పాప, మల్లాపూర్ ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె మేనమామ.

అప్పట్లో నేను ఉప్పల్ పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే గుమాస్తాను. వాళ్లు చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చారు. తల్లి చేతిలో కొడుకు జాబు. "రెండు నెలలు దాటింది, ఒక్క ఉత్తరం లేదు. కాన్పు ఏమైంది? నా దగ్గర ఏం దాస్తున్నరు?" అని రాశాడు. బిడ్డ పుట్టిన సంగతే అతనికి తెలియదు.

"మూడు ఉత్తరాలేసినం సార్," అంది తల్లి.

"టెలిగ్రాం ఇయ్యకపోయిన్రా?" అంది నా భార్య.

"అమ్మో! టెలిగ్రాం అంటే చావు కబురనుకుంటడు. గుండె పగుల్తది వానికి."

చిరునామా ఎవరు రాశారని అడిగాను. అంతకుముందు కోడలే రాసేది, అవి చేరేవి. కాన్పయ్యాక మేనమామ రాస్తున్నాడు. కాగితం ఇచ్చి, అలాగే రాసి చూపమన్నాను. సిపాయి నంబరు, పేరు, పటాలం, సైన్యపు పోస్టాఫీసు నంబరు అన్నీ ముత్యాల్లా రాసి, చివర కశ్మీరులో ఒక ఊరి పేరు కలిపాడు.

"ఇదెందుకు రాసిన్రు?"

"ఊరు లేకుంటే ఏడికి పోతది సార్? నిరుడు సెలవుల అల్లుడే జెప్పిండు, గక్కడున్ననని."

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది తమ్మీ!" అంది తల్లి.

సైనికుల జాబులను ఆ సైన్యపు పోస్టాఫీసు నంబరు చూసి మేము విడిగా కడతాం. పటాలం ఎక్కడికి కదిలినా సైన్యపు తపాలావాళ్లు అక్కడికి చేరుస్తారు. ఊరు పేరు రాస్తే మామూలు సంచిలో పడి ఆ ఊరికే పోతాయి; పటాలం అక్కడి నుంచి కదిలి ఉంటే అక్కడే పడి ఉంటాయి. ఇదంతా చెప్పాను.

"గట్లయితే మావాడు ఇప్పుడు ఏడున్నడో మీకెరుకనా సార్?"

"తెల్వదమ్మా. తెల్వకుండనే చేరుస్తం."

ఆ మాట అంటున్నప్పుడు నా ఛాతీ కొంచెం పొంగిన మాట నిజం.

కోడలు అక్కడే కూర్చుని ఇన్‌లాండ్ లెటర్ రాసింది. మొదటి మాట పైకి చదివింది: "మనకు బిడ్డ పుట్టింది, ఇద్దరం మంచిగున్నం." చిరునామా దగ్గరికి వచ్చేసరికి మేనమామ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆమె పెన్ను ఆయనకే ఇచ్చింది.

"నువ్వే రాయి మామా. గీసారి ఊరొద్దు."

నేను తీసుకెళ్తానన్నా ఆయన ఆ జాబు ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున పోస్టాఫీసు తెరిచేసరికి, డ్యూటీ మానుకొని మెట్ల మీద నిలబడి ఉన్నాడు. డబ్బాలో వేయకుండా నా చేతికే ఇచ్చాడు. నేను తేదీ ముద్ర కొట్టి, సైన్యపు కట్టలో పెట్టి, సంచి మూతి కట్టి సీలు వేసేదాకా కిటికీ అవతలి నుంచి చూశాడు. సంచి వ్యాను ఎక్కాకే ఆయన సైకిలెక్కాడు.