బావ కంప్యూటరుకు నేను చేసిన వైద్యం

వనపర్తిలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకోవడం నా ఉద్యోగం. ముసలి కంప్యూటర్ల మధ్య పదేళ్లు గడిపితే మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎవరింటికి పోయినా అక్కడి కంప్యూటర్ నాడి పట్టుకుని చూడాలనిపిస్తుంది. అడిగితే చూస్తాం. అడక్కపోతే ఇంకా శ్రద్ధగా చూస్తాం.

గద్వాలలో ఉండే మా అక్క భర్త చీరలకు డిజైన్లు గీస్తాడు. ముప్పై ఏళ్లు గళ్ల కాగితం మీదే గీశాడు. ఈమధ్య, మగ్గానికి డిజైన్ చెప్పే చిల్లుల జాకార్డు అట్టలు కొట్టే దుకాణం వాళ్లు కంప్యూటర్ ఫైలిస్తేనే కొడతామన్నారు. దాంతో ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ ఒకటి తెచ్చుకున్నాడు. రెండు జీబీల ర్యామ్. అది పుట్టిన రోజుల్లో అదే పెద్ద జమీందారీ.

ఒక ఆదివారం పోయేసరికి, అంచూ కొంగూ కలిపి హంసల డిజైన్ ఒకటి అప్పుడే మొదలుపెట్టాడు. ఒక గడిలో రంగు నింపడం, తెర కదిలేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం.

"జర నిమ్మళంగ జేస్తది బామ్మర్ది, పెద్దపాణం గద" అన్నాడు.

ఆయనకేమీ ఇబ్బంది లేదు. ఇబ్బందంతా నాకే.

కంప్యూటర్ లోపల కెర్నెల్ అని ఒక పెత్తందారు ఉంటాడు. ర్యామ్ ఇరుకైతే, అప్పటికి అక్కర్లేని సామాను హార్డ్ డిస్కు మీదికి జరిపి, కావలసినప్పుడు మళ్లీ తెస్తాడు. ఆ డిస్కు గరగరలాడే ముసలిది, ఆలస్యమంతా అక్కడే. కాస్త తెలిసినవాడైతే ఆ జరపడం తగ్గించమని ఒక సంఖ్య మార్చి ఊరుకుంటాడు. నేను బాగా తెలిసినవాణ్ణి కదా, డిస్కు దారే మూసేశాను. ఇంటర్నెట్టులో ఎవరో మహానుభావుడు అలా చేసి సుఖపడ్డాడట. ఆయనకెంత ర్యామ్ ఉందో నేను అడగలేదు.

తెర మాత్రం పరుగులు తీసింది. అక్క నాటుకోడి వండింది. నేను రెండు ముక్కలు ఎక్కువే వేసుకున్నాను.

దారి మూశాక ర్యామ్ నిండితే కెర్నెల్ చేసేది ఒకటే. ఎక్కువ చోటు తింటున్న ప్రోగ్రామును చంపేస్తాడు. ఆ సంగతి నాకు తెలుసు. సేవ్ చేసిన ఫైలు ఎటూ ఉంటుంది కదా అనుకున్నాను.

రెండు వారాలకు బావ ఫోన్ చేశాడు.

"బామ్మర్ది, బొమ్మ కనవడ్తలేదు."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి పోయాను. కెర్నెల్ ఆ డిజైన్ ప్రోగ్రామునే చంపేశాడు.

"ఎప్పుడు సేవ్ చేసినవ్ బావా?"

"సేవ్ ఎందుకు? నేనెన్నడు మూయలే గద!"

కాగితం మీద గీసింది గీసినట్టే ఉంటుంది. కంప్యూటర్లోనూ అంతే అనుకున్నాడు. పని ఆపినప్పుడు తెర మాత్రం ఆర్పేవాడు. ఇంట్లో ఇన్వర్టర్ ఉండడంతో కరెంటు కోతలు కూడా ఆయనకు పాఠం చెప్పలేకపోయాయి. డిజైన్ పూర్తయ్యాక దుకాణం మనిషే పెన్ డ్రైవ్‌తో వచ్చి ఎక్కించుకుపోయేవాడు. సేవ్ అనేది ఆ మనిషి పని అని బావ లెక్క. ఇవేవీ నేను అడగలేదు. డాక్టర్లు రోగిని అడుగుతారు, నేను అంతకంటే పైవాణ్ణి.

"కొండనాలుకకు మందేస్తె ఉన్న నాలుక ఊడిందంట" అని అక్క టీ గ్లాసు నా ముందు గట్టిగా పెట్టింది.

అప్పుడే వచ్చాడు, ఆ చీర నేయాల్సిన పెద్దాయన. డిజైన్ పోయిందని విని గడపలోనే కూలబడ్డాడు.

"పడుగెక్కిచ్చి వారమాయె. అట్టలు రాంది నేనేం నేయాలె? మగ్గం ముందల ఉత్తగ కూసుంటున్న. ఎవలన్న ముట్టిండ్రా దాన్ని?"

"ఎవలు ముడ్తరు కాకా? నేనే ఖరాబు జేసుకున్న. మల్ల మొదటికెల్లి గీస్త" అన్నాడు బావ, నావైపు చూడకుండానే.

నేను అక్కడే ఉన్నాను, చేతిలో టీ గ్లాసుతో. ముట్టింది నేనే అని ఒక్క మాట అంటే అయిపోయేది. టీ ఒక గుక్క తాగాను. అంత సిగ్గు నాకు ఎప్పుడూ కలగలేదు.

పెద్దాయన లేచి, పోతూ పోతూ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు సదువుకున్నోనివి బిడ్డా. మీ బావకు తెల్వదు. గిట్ల కాకుంట జర నేర్పియ్యి."

"అట్లనే కాకా" అన్నాను.