గంగాకిషన్ బుంగచేప

గంగాకిషన్ బహ్రెయిన్ నుంచి చేపను తెచ్చాడంటే ఎండుచేపేమో అనుకున్నాను. గల్ఫ్ నుంచి వచ్చినవాడు టేప్‌రికార్డర్ తెస్తాడు, కంబళ్ళు తెస్తాడు, సెంటు సీసాలు తెస్తాడు. వీడు బొంబాయి బస్సు దిగి, మూత పెట్టిన ప్లాస్టిక్ డబ్బాను చంటిపిల్లలా రొమ్ముకు ఆనించుకుని నా జీపు ఎక్కాడు. గుంత వచ్చినప్పుడల్లా "మెల్లగ పోనియ్యి భూపతన్నా, మెల్లగ" అంటూ ప్రాణం తీశాడు. ఆర్మూర్‌లో గుంతలు లేని రోడ్డు ఎక్కడుంది? ఇది ఎనభైతొమ్మిది నాటి మాట.

మా ఇంటికీ వాళ్ళింటికీ ఒకటే గోడ. వాడి తల్లి సత్తవ్వ పసుపు యార్డులో బతికిన మనిషి. కొమ్ములు చెరగడం, పాలిష్ డ్రమ్ము దగ్గర పొట్టు ఎత్తడం, బతుకంతా అదే పని. ఆ దుమ్ము ఆమె రొమ్ములో గూడుకట్టుకుంది. దగ్గితే కళ్ళె పచ్చగా పడేది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదని గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీసేది. మొగుడు ఎప్పుడో పోయాడు. ఉన్నది ఒక్క కొడుకు. వాడు నడుస్తున్న కొలువు వదులుకుని వచ్చింది ఆమె కోసమే. తల్లి ఊపిరి నిలబడితే చాలు, వాడికి ఇంకో కోరిక లేదు. దవాఖానల చుట్టూ ఆ తల్లీకొడుకుల్ని తిప్పింది నేనే, నాకు తెలియదా?

చేప సంగతికొస్తాను. బహ్రెయిన్‌లో వాడి పని ఒక అరబ్బు ఇంట్లో అద్దాల తొట్లు చూసుకోవడం. ఆ అరబ్బు ఇల్లు మారుతూ చేపల్ని పారేయమన్నాడట. మిగతావన్నీ అందంగా ఉంటాయని ఎవరో ఒకరు పట్టుకుపోయారు. దీన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోరు మరి, కాకిపిల్ల కాకికి ముద్దు. పిడికిలంత ఒళ్ళు, మచ్చల వీపు, దొంగచూపు.

చూడ్డానికి గల్లీ అంతా వచ్చింది. వాడు పంతులు పాఠం చెప్పినట్టు చెప్పాడు.

"ఇది మన చెరువు చాప గాదు, సముద్రంది. పొలుసు లేదు సూడుండ్రి. మూతికాడ నాలుగే పండ్లు, చిలుక ముక్కు లెక్క. ఒక కన్ను ఇటు సూస్తే ఇంకో కన్ను అటు సూస్తది. కడుపు మీద ముండ్లు. గివన్ని ఉన్నయంటే బుంగచాప అన్నట్టు. దీని లోపలంత విషం. ముట్టుకుంటే ఏంగాదు గని, కార్జం కొంచెం తిన్నా మనిషి బతుకడు."

ఇదంతా వాడికి అరబ్బు ఇంట్లో వంట చేసే మలయాళీ చెప్పాడట. తిన్నవాడికి ముందు పెదాలు తిమ్మిరెక్కుతాయి, తర్వాత కాళ్ళూ చేతులూ పడిపోతాయి, చివరికి ఊపిరి ఆగుతుంది. కానీ మనసుకు అన్నీ తెలుస్తుంటాయట. చెవులు చివరిదాకా వింటూనే ఉంటాయట.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అరబ్బు ఇంటి నుంచి తెచ్చుకున్న సముద్రపు ఉప్పును బావినీళ్ళలో కలిపి, చుక్క నాలుక మీద వేసుకుని చూసేవాడు. ఉప్పు అయిపోవచ్చిందంటే గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళను కాళ్ళావేళ్ళా పడి తెప్పించేవాడు. నందిపేట్ వైపు వరిమళ్ళలో నత్తలు ఏరుకొచ్చి వేసేవాడు. దాని పళ్ళు పెరుగుతూనే ఉంటాయట, గుల్ల కొరికి అరగదీసుకోకపోతే నోరు మూసుకుపోయి ఆకలితో చస్తుందట. పసుపు సీజన్‌లో ఊరంతా దుమ్ము లేస్తే తొట్టి మీద తడిగుడ్డ కప్పేవాడు. వాడి పెళ్ళాం గంగామణి బీడీలు చుట్టేది. తంబాకు నీళ్ళలో పడుతుందని ఆమెను చేటతో సహా అరుగు మీదికి తరిమాడు. "సవతిని తెచ్చి నట్టింట్ల వెట్టిండు" అని ఆమె నవ్వేది.

పిల్లలు అద్దం మీద కొడితే చేప బంతిలా ఉబ్బేది. "కొట్టకుండ్రిరా, పాపం బెదిరి నీళ్ళు తాగుతున్నది, గందుకే ఉబ్బుతది" అని వాడు గదిమేవాడు. సత్తవ్వ మాత్రం గోడకు ఆనుకుని దాన్నే చూసేది. ఆమె కంటికి ఆ కడుపులో ఉన్నది నీళ్ళు కాదు.

"ఎంత ఊపిరి వడ్తున్నదిరా! నాకు దాంట్లకెళ్ళి ఒక్క గుక్క ఇయ్యరాదా గది?" అంది ఒకసారి, ఆయాసంతో మాట తెగిపోతుంటే.

"ఇస్తది తియ్యే అవ్వా. మస్తు ఊపిరున్నది దానికి" అన్నాడు వాడు, ఆమె వీపు నిమురుతూ. రోగిష్టి మనిషిని ఊరుకోబెట్టడానికి ఎవరైనా అలాంటి మాటే అంటారు.

తొంభై ఒకటిలో రోహిణి కార్తె ఊరిని పెనం మీద పెట్టింది. కరెంటు వచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ. నీళ్ళలోకి గాలి కొట్టే మిషను ఆగిపోయేది. గంగాకిషన్ చెంబుతో నీళ్ళు ఎత్తి పోస్తూ కూర్చునేవాడు. అయినా సరిగ్గా మిరుగు నాటి పొద్దున, మృగశిర కార్తె వచ్చిన రోజే, చేప అడుక్కు చేరి కదలకుండా ఉంది.

మిరుగు నాడు మా వైపు చేప తినని ఇల్లుండదు. ఆ రోజు తింటే ఏడాదంతా ఆయాసం దగ్గరికి రాదంటారు. సత్తవ్వ లాంటివాళ్ళు ఆ రోజు కోసం కాచుకుని ఉంటారు. గంగాకిషన్ కళ్ళు తుడుచుకుని చచ్చిన చేపను తీసి గిన్నెలో పెట్టి, పళ్ళెం మూతేశాడు. తల్లికి కొర్రమీను తేవాలని నా జీపు ఎక్కాడు. "వచ్చినంక పాతిపెడ్త. ముట్టకే అవ్వా, విషమది" అని చెప్పడం నేను విన్నాను. గంగామణి అప్పటికే బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది.

నందిపేట్‌లో చేపల దగ్గర జాతర. మేం తిరిగొచ్చేసరికి పొద్దెక్కింది. ఇంట్లోంచి చింతపులుసు వాసన వస్తోంది. సత్తవ్వ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"కిషనా, పెదవులు జిల్లుమంటున్నయిరా. మందు వని చేస్తున్నట్టుంది."

గంగాకిషన్ చేతిలో సంచి జారింది. కొర్రమీను నేల మీద పడి కొట్టుకుంది.

"విషమని చెప్పినగదనే!"

"పెంచినోడివి, కోసుకొని తినుమని నీ నోట ఎట్లంటవ్? గందుకే విషమన్నవ్. అయినా పసుపు వెట్టి మూడు నీళ్ళ కడిగిన. పసుపు వడ్డంక ఏ విషం నిలుస్తదిరా? తలకాయ నీకే ఉంచిన, తిను."

గిన్నె మీద మూత తీస్తే పచ్చటి పులుసులో ఆ చిలుకముక్కు మూతి ఉంది. ఆర్మూర్‌లో పుట్టిన మనిషికి పసుపు మీదున్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండదు. పుండుకు పసుపే, జలుబుకు పసుపే, తేలు కుట్టినా పసుపే. ఆమె రొమ్మును తినేసింది ఆ పసుపే, అయినా నమ్మింది. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

వాడు ఉప్పునీళ్ళు తాగించి కక్కించాడు. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆయన అంతా విని సూది ఇచ్చి, "ఊపిరి పోసే మిషను నిజామాబాద్‌లో ఉంటే ఉండాలి, ఆగకుండా పొండి" అన్నాడు. కార్ఖానా నుంచి పరుగెత్తుకొచ్చిన గంగామణి జీపులో అత్త కాళ్ళ దగ్గర కూర్చుంది. తల కొడుకు ఒళ్ళో. దారి పొడుగునా విత్తనాలకు పోయే ఎడ్లబండ్లు. హారన్ మీద చెయ్యి తీయకుండా తోలాను.

మాక్లూర్ దాటకముందే సత్తవ్వ చేతులు పడిపోయాయి. తర్వాత మాట పోయింది. తర్వాత, ఇన్నేళ్ళుగా గోడ అవతలి నుంచి నేను వింటూ వచ్చిన ఆ పిల్లికూతల ఊపిరి ఆగిపోయింది. గంగామణి గుండెలు బాదుకుంది.

"ఏడువకు! అవ్వకు ఇనవడ్తది!" అని వాడు అరిచాడు.

నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదడం మొదలుపెట్టాడు. అద్దంలో వాడి వీపు లేవడం, వంగడం కనిపిస్తోంది. ఊది ఊది వాడికే ఆయాసం వచ్చింది. ఒక్క క్షణం ఆగి తల్లి చెవి దగ్గర నోరు పెట్టాడు.

"అవ్వా, గది ఊపిరి గాదే. నీళ్ళు. నీళ్ళు తాగి ఉబ్బుతది, గంతే. దాని దగ్గర ఊపిరి లేదే. నేనే నీకు అబద్ధం చెప్పిన."

మళ్ళీ ఊదాడు. నిజామాబాద్‌లో డాక్టరు చూసి, చల్లబడిపోయిందని చెప్పినా ఊదుతూనే ఉన్నాడు. భుజాలు పట్టి లేపడానికి ఇద్దరం కావాల్సి వచ్చింది.

ఇది జరిగి ఏడేళ్ళయింది. కొడుకు పెంచిన చేప తల్లిని మింగిందని మా గల్లీలో ఇంకా అంటారు. వాళ్ళ నోళ్ళలో మన్నుపడ. గంగాకిషన్ మళ్ళీ గల్ఫ్ పోలేదు. యార్డులో, తల్లి పని చేసిన పాలిష్ డ్రమ్ము దగ్గరే పనికి కుదిరాడు. అక్కడ అందరూ ముక్కుకు తువ్వాల కట్టుకుంటారు. వాడు కట్టుకోడు. ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. నిన్న నా జీపులో కూర్చుని దగ్గి, తువ్వాలలో ఉమ్మాడు. పచ్చగా పడింది. దాన్ని కాసేపు చూసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.