రాసుకున్నరు గద బిడ్డా

దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక చిన్న దవాఖానల పేషెంట్ల రికార్డులు కంప్యూటర్ల ఎక్కించే పని నాది. ఒకరోజు పొద్దుగాల డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"మన పేషెంట్లల్ల పెన్సిలిన్ పడనోళ్లు ఎవరెవరున్నరో చూసి చెప్పు. ఇయ్యాల ఆ సూదులున్నయి."

రిమార్క్స్ కాలమ్‌ల పెన్సిలిన్ అని కొట్టి వెతికిన. సున్నా వచ్చింది. "ఎవ్వరు లేరు మేడం" అని చెప్పి చాయ్ తెచ్చుకున్న.

చాయ్ సగంల ఉండంగ యాదికొచ్చింది. మా అమ్మకు పెన్సిలిన్ పడదు! పోయినేడు ఒళ్లంత దద్దుర్లొస్తే ఈడికే తోలుకొచ్చిన, నా చేతులతోనే రాసిన. సున్నా అంటే మా అమ్మ యాడికి పోయింది?

అమ్మ రికార్డు తెరిచిన. "ఊరు నల్లగొండ దిక్కు. బిడ్డ తోలుకొచ్చింది. పెన్సిలిన్ పడదు." మా దగ్గర అంతే. ఒకే పేరు మీద పదిమంది ఉంటరని ముందుగాల ఊరు, వెంట వచ్చినోళ్లు రాస్తం. పడనిది చివరికి. నేనేమో వెతికేటప్పుడు, ఈడ ఇంకేమున్నా సరే అని చెప్పే శాతం గుర్తును మాట వెనక పెట్టిన, ముందట పెట్టలే. అట్ల పెడితే ఆ మాటతోని మొదలయ్యే రాతలే దొరుకుతయి. థూ, నా బుద్ధి గడ్డి తిన్నది!

ముందట కూడ పెట్టి మళ్ల వెతికిన. నలుగురు వచ్చిండ్రు. అండ్ల ఎల్బీ నగర్ పెద్దామె ఒకామె ఇయ్యాల్టి సూదుల లిస్టుల ఉన్నది.

కింద సూదుల గదికి ఫోన్ చేస్తే ఎవ్వరు ఎత్తలే. లిఫ్ట్ కోసం ఆగలే, చెప్పులు ఊడినా చూడలే. "దేవుడా, జర ఆపు, జర ఆపు" అనుకుంటనే మెట్లు దిగిన.

సూదుల గదిల ఆ ఎల్బీ నగర్ పెద్దామె చెయ్యి చాపి కూసున్నది. నర్సు సూది చేతిల పట్టుకొని వంగింది.

"ఆగక్కా! ఆమెకు పడదు!" అని ఒర్లిన.

నర్సు చెయ్యి అట్లనే ఆగింది. "ఎవ్వరు లేరని నువ్వే చెప్పినవంట గద?" అన్నది.

"నేనే తప్పు వెతికిన అక్కా" అన్న. పెద్దామె జాకిట్ చెయ్యి కిందికి గుంజుకొని నా దిక్కు చూసింది.

"నేను మొన్ననే చెప్పిన గద బిడ్డా. నా ముంగటనే కంప్యూటర్ల రాసుకుంటివి."