తమ్ముడికి పాత టోపీ

నా చిన్నప్పుడు యానాంలో ఊలు అల్లే ఆడపిల్లంటే వీధిలో అందరికీ వేళాకోళంగానే ఉండేది. ఏడాదిలో ముప్పాతిక భాగం చెమటలు కారే ఊళ్ళో ఊలేమిటి, టోపీలేమిటి అనేవారు. అన్నవాళ్ళే ధనుర్మాసం రాగానే, గోదావరి మీంచి మంచు దిగే వేళకి చెవులకి తువ్వాలు చుట్టుకుని ముక్కు చీదుకుంటూ తిరిగేవారు. అప్పుడు మాత్రం మా పక్కింటి అక్క గుమ్మం ముందు ఆగి, "నాకోటి అల్లిపెట్టమ్మా" అని నెమ్మదిగా అడిగేవారు.

పక్కింటి అక్క చర్చి దగ్గరుండే సిస్టర్ల దగ్గర అల్లిక నేర్చుకుంది. క్రిస్మస్ వస్తోందంటే వాళ్ళ దగ్గరుండే పిల్లలందరికీ టోపీలు అల్లి ఇచ్చేది. మధ్యాహ్నంపూట అరుగు మీద కూర్చుని మనతో కబుర్లు చెబుతూనే, చేతుల వంక చూడకుండా వరసకి వరస లాగించేసేది. అది చూసి నాకు నోరూరింది. నేర్పమని వెంటపడ్డాను. నాకప్పుడు పదేళ్ళు ఉంటాయేమో.

అక్క నేర్పే పద్ధతి ఒకటుంది. ఊలు మరీ సన్నమూ కాదు, మరీ లావూ కాదు, మధ్యరకం. పని ఎప్పుడూ టోపీయే. కానీ ఒక్కో టోపీకి ఒక్కో కొత్త పని నేర్చుకోవాలి. అల్లింది మనం ఉంచుకోకూడదు, ఎవరికో ఒకరికి ఇచ్చెయ్యాలి. ఎవరికన్నది ఇచ్చేదాకా పైకి అనకూడదు. ముందే పేరు చెప్పేస్తే చెయ్యి తొందరపడుతుందని అక్క అనేది. నా చెయ్యి సంగతి ఆవిడకి బాగా తెలుసు. పుట్టుకతోనే నాది కంగారు గుణం. బడికి బయల్దేరి, తలుపు గడియ పెట్టానో లేదోనని సగం దారి నుంచి వెనక్కొచ్చే పిల్లని.

మొదటి టోపీ మా నాన్నకి. తిన్నగా పట్టీలా అల్లి, రెండంచులూ కలిపి కుట్టి, పైన దారంతో దగ్గరికి లాగి ముడేయడం. అంతే దాని పనితనం. నెత్తిన బూందీ మూట పెట్టుకున్నట్టుండేది. నాన్న వేకువనే సైకిలేసుకుని పక్కూరు అడవిపొలం వెళ్ళి కొబ్బరికాయలు బేరం చేసుకొచ్చేవాడు. ఆ మూట పెట్టుకునే వెళ్ళేవాడు, ఎవరు నవ్వినా తీసేవాడు కాదు. రెండోది మా మామ్మకి. అందులో సాగే అంచు నేర్చుకున్నాను, ఒక కుట్టు ముందునుంచి, ఒకటి వెనకనుంచి. మామ్మ దాన్ని పెట్టుకుని పూజకి పూలు కోస్తూ, "చెవుల్లో దూది పెట్టుకుంటే పోయేదానికి ఇదంతా ఎందుకే" అని సణిగేది. కానీ రోజూ పెట్టుకునేది.

మూడో టోపీ దగ్గర వచ్చింది చిక్కు. ఈసారి నేర్చుకోవాల్సింది నడినెత్తి గుండ్రంగా మూసే పని. వరస వరసకీ రెండేసి కుట్లు కలిపి ఒకటి చేసుకుంటూ పోతే టోపీ దానంతటదే తలలా వంపు తిరుగుతుంది. ఎవరికి అల్లుతున్నానో అక్క అడగలేదు, నేను చెప్పలేదు. అప్పటికి అమ్మకి ఎనిమిదో నెల. నాకు పుట్టబోయే తమ్ముడో చెల్లెలో కళ్ళముందు కనిపిస్తున్నారు.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. మా ఇంట్లోనే ఏమిటి, ఆ వీధిలో చాలా ఇళ్ళలో ఉండేది. బిడ్డ పుట్టకముందు బిడ్డ కోసం ఏదీ కొనకూడదు, కుట్టకూడదు. అటక మీది ఉయ్యాల కూడా దింపకూడదు. పుట్టాక కూడా పురుడు వెళ్ళేదాకా ఒంటిమీద పాతబట్టే వెయ్యాలి, పెద్దవాళ్ళు కట్టి మెత్తబడ్డ బట్ట. ఇవన్నీ నాకు తెలియనివి కావు. అయినా ఆ నడినెత్తి వంపు తిరుగుతుంటే ఆగలేకపోయాను. చివరి కుట్లలోంచి దారం లాగి బిగించి, ముడేసి, నా బట్టల పెట్టెలో అడుగున దాచేశాను.

మర్నాడు పొద్దున్నే అమ్మకి నెప్పులు మొదలయ్యాయి.

నెలలు నిండలేదు. నాన్న రిక్షా తెచ్చాడు. అమ్మ మామ్మ భుజం పట్టుకుని ఎక్కుతూ నా వైపు చూసి నవ్వబోయింది, నవ్వలేకపోయింది. వీధిలో ఆడవాళ్ళు గుమిగూడారు. ఏడో నెలలో పుట్టిన పిల్లలైనా దక్కుతారు గానీ ఎనిమిదో నెల వాళ్ళు దక్కడం కష్టమని ఎవరో మెల్లగా అన్నారు. పిల్లలకి వినబడకూడదనుకున్న మాటలే పిల్లలకి బాగా వినబడతాయి. రిక్షా కదిలేముందు మామ్మ తనలో తను, "ఏ కొత్త వస్తువు గడప లోపలికొచ్చిందో" అని గొణుక్కుంది. ఆ మాట సూటిగా వచ్చి నా పెట్టెలో పడింది.

ఆ రోజంతా ఇంట్లోకీ వీధిలోకీ తిరిగాను. పెట్టె ఉన్న గదిలోకి వెళ్ళలేను, వెళ్ళకుండా ఉండలేను. మూత తీస్తే ఏమవుతుందో, తీయకపోతే ఏమవుతుందో. అక్క వాళ్ళింట్లో అన్నం పెట్టింది, కలిపి వదిలేశాను. సాయంత్రం కబురొచ్చింది. మగపిల్లాడు. ఏడ్చాడట, కానీ గట్టిగా ఏడవలేదట.

మర్నాడు పొద్దున నాన్న, మామ్మ ఇంటికొచ్చారు, అమ్మకి జావ కాచి తీసుకెళ్ళడానికి, పాతబట్టలు తీసుకెళ్ళడానికి. నాన్న అరచెయ్యి చాపి చూపించాడు, ఇంతే ఉన్నాడని. నర్సు కోప్పడుతోందట. ఒంట్లో వేడంతా తలలోంచి పోతోంది, తలకి ఏదైనా తొడగండి, లేకపోతే నాకు సంబంధం లేదు అందట. మామ్మ తాతయ్య పాత పంచె చింపి తలకి చుట్టింది. ఆ కాసింత తలమీద అది నిలవడంలేదు, కదిలితే జారిపోతోంది.

"బజార్లో టోపీ కొనుక్కొస్తానమ్మా," అన్నాడు నాన్న.

"పురుడు వెళ్ళకుండా కొత్తదా? ఇప్పటిదాకా అయింది చాలదేంట్రా?" అంది మామ్మ. కేక వేయలేదు. కళ్ళనిండా నీళ్ళతో అంది. నాన్న బజారుకి వెళ్ళలేదు.

నేను గుమ్మం చాటున నిలబడి వింటున్నాను. వాడికి కావలసింది నా పెట్టెలో ఉంది. వాడికి ఈ గతి పట్టించింది కూడా అదేనని నా నమ్మకం. ఇవ్వాలా, పారెయ్యాలా? ఇస్తే ఇంకేమవుతుంది? ఆ రెండింటి మధ్యా నలిగిపోయి, టోపీ గౌను కింద దాచుకుని అక్క దగ్గరికి పరిగెత్తాను. వెక్కుతూ అంతా చెప్పేశాను.

అక్క నవ్వలేదు. అవన్నీ పిచ్చి నమ్మకాలని అనలేదు. ఆవిడ చర్చికి వెళ్ళే మనిషి, అనాలంటే అనొచ్చు. అలా అనుంటే నేను వినేదాన్ని కాదు, ఏడుపు ఇంకా ఎక్కువయ్యేది. టోపీ చేతిలోకి తీసుకుని, లోపలికి చెయ్యి పెట్టి చూసి, నా తలకి తొడిగింది. అద్దం ముందు నిలబెట్టింది. టోపీ నా చెవులు దాటి చక్కగా కూర్చుంది.

"చూసుకున్నావా? అరచెయ్యంత పిల్లాడి తల ఎక్కడ, ఇదెక్కడ? కంగారులో కుట్లు వదులుగా లాగేశావే అమ్మడూ. ఇది నీ తలకి అల్లుకున్న టోపీ. వాడిదెప్పుడూ కాదు," అంది.

నేను అద్దంలో చూసుకుంటూ అంచు కిందికి లాగాను. నిన్నటి నుంచి ఛాతీ మీద కూర్చున్నదేదో కాస్త పక్కకి జరిగింది. పూర్తిగా లేవలేదు, జరిగింది.

"మరి వాడికో?" అన్నాను.

"నువ్వు వాడింది వాడికివ్వచ్చు కదా. మధ్యాహ్నం దాకా పెట్టుకుని తిరుగు. తియ్యొద్దు. ముందు మీ మామ్మకి కనబడి రా."

ఎండెక్కిన వేళ ఊలు టోపీ పెట్టుకుని మా ఇంటికి వెళ్ళాను. మామ్మ పొయ్యి దగ్గర్నుంచి తలెత్తి, "ఈ ఎండలో నెత్తిన అదేంటే, జొరం గాని వచ్చిందా?" అని నుదురు తడిమి చూసింది. నాదే మామ్మా అన్నాను. ఉన్న కంగారులో ఆవిడ ఇంకేమీ అడగలేదు. చింతపండుకని కొట్టుకి పంపిస్తే కొట్టాయన నన్ను చూసి పడీపడీ నవ్వాడు. మెడమీంచి చెమట కారి గౌను తడిసిపోయింది. టోపీ మాత్రం తియ్యలేదు. దాన్ని పాతబరచడం ఒక్కటే ఆ రోజు నేను తమ్ముడికి చెయ్యగలిగిన పని.

మధ్యాహ్నం అక్క నడినెత్తి ముడి కత్తిరించి, దారం కొస నా చేతికిచ్చి లాగమంది. నేను అన్నాళ్ళు కష్టపడి అల్లింది గిరగిరా విడిపోయింది. ఏడుపొచ్చింది గానీ, విడిపోతుంటే ఒక రకంగా హాయిగా కూడా అనిపించింది. విప్పిన ఊలు కొత్త ఊలులా తిన్నగా లేదు. ప్రతి కుట్టు గుర్తూ దానిలో ఉండిపోయి, వంకర్లు వంకర్లుగా ఉంది. అక్క కుట్లు తగ్గించి, బిగుతుగా అంచు వేసి ఇచ్చింది. మిగతాది నన్నే అల్లమంది. నా వేళ్ళు వణికిపోతున్నాయి. నావల్ల కాదు, నువ్వే అల్లెయ్యి అని బతిమాలాను.

"చెయ్యి వణికితే వణకనీ. కుట్టు మాత్రం జారనీకు," అంది.

దీపాలు పెట్టే వేళకి నడినెత్తి మూశాను. నారింజకాయకి తొడగొచ్చు, అంత టోపీ. అక్క సబ్బునీళ్ళలో ఉతికింది, మర్నాడు ఎండలో ఆరాక ఇద్దరం ఆసుపత్రికి నడిచాం. మిగిలిన ఊలు ఉండ కూడా అక్క సంచిలో వేసుకుంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. దారి పొడుగునా నాకు ఒక్కటే భయం, మనం వెళ్ళేలోపు ఏమైనా అయిపోతేనో అని. అక్క చెయ్యి పట్టుకుని లాగుతూ నడిచాను.

అమ్మ మంచం మీద పక్కకి తిరిగి ఉంది. పంచె ముక్కల మధ్య తమ్ముడు కనబడీ కనబడకుండా ఉన్నాడు. తలమీద గుడ్డ మళ్ళీ జారిపోయి ఉంది. టోపీని చూడగానే మామ్మ ముఖం మారిపోయింది.

"ఇదెక్కడిది?"

"నిన్న మీ మనవరాలు నెత్తిన పెట్టుకు తిరిగింది చూశారు కదా మామ్మగారూ, అదేనండి. విప్పి చిన్నది చేశాం. పాతదేనండి, ఆయ్," అంది అక్క. సంచిలోంచి ఊలు ఉండ తీసి మామ్మ చేతిలో పెట్టింది.

మామ్మ కొస లాగి చూసింది. వంకర్లు తిరిగిన ఆ పోగుని వేళ్ళ మధ్య చాలాసేపు నలిపింది. తర్వాత నా వైపు చూసింది. నేను అక్క వెనక్కి జరిగాను. అంతా తెలిసిపోయిందనుకున్నాను. తెలిసే ఉంటుంది కూడా, మా మామ్మ అంత అమాయకురాలేం కాదు. కానీ ఆవిడా మొన్నటి నుంచి నాలాగే భయంతో చస్తోందని, తన పట్టింపు తప్పకుండా ఆ పసివాడి తల కప్పే దారి కోసం వెతుక్కుంటోందని నాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు.

"అక్క వాడిందే కదా తమ్ముడికి. దానికేవుంది," అంది మామ్మ. తనే వంగి వాడి తలకి టోపీ తొడిగింది. తొడుగుతుంటే ఆవిడ చేతులు కూడా వణికాయి. టోపీ జారలేదు.

అంతటితో భయం పోయిందని చెప్పను. పురుడు వెళ్ళేదాకా ఇంట్లో ఎవరం సరిగ్గా నిద్రపోలేదు. అమ్మ ఇంటికొచ్చాక కూడా నేను బడి నుంచి పరిగెత్తుకొచ్చి ముందు వాడి ఛాతీ లేస్తోందో లేదో చూసుకునేదాన్ని. వాడు మాత్రం ఆ టోపీలోనే కాస్త కాస్తగా ఒళ్ళు చేశాడు. అంచు సాగి సాగి, ఇక సాగనని మొరాయించేదాకా పెట్టుకున్నాడు. ఇప్పుడు వాడికి మనవలు. నెత్తిన ఒక్క వెంట్రుక లేదు. చలికాలం వస్తే, "అక్కా, నా టోపీ ఏదే?" అని మెట్టకూరు నుంచి ఫోన్ చేస్తాడు.

పక్కింటి అక్క ఇప్పుడు లేదు. ఆవిడ నేర్పిన పనులన్నీ నా వేళ్ళలో ఉన్నాయి. తర్వాత జడల్లే తిరిగే కుట్టు నేర్చుకున్నాను, రెండు రంగులు కలపడం నేర్చుకున్నాను. ఇప్పుడు మనవరాళ్ళ పుణ్యమా అని ఫోనులో వీడియోలు చూసి కూడా నేర్చుకుంటున్నాను. అవన్నీ సరదాకి. ఆ రోజు నుంచి నేను నిజంగా పట్టుకున్నది వేరు. భయపడేవాళ్ళతో నేను వాదించను. ఆ భయం లోపలే వాళ్ళకి ఒక తలుపు ఎక్కడుందో వెతుకుతాను. పురిటి బిడ్డకి ఏ టోపీ అల్లినా ముందు నేనొకసారి నా నెత్తిన పెట్టుకుంటాను. పట్టకపోతే ఊరికే నడినెత్తి మీద పెట్టుకుని కూర్చుంటాను.

ఇవాళ కూడా అలాగే కూర్చున్నాను. మా మనవరాలికి నెలలు నిండకుండానే నెప్పులొచ్చి, పొద్దున్నే కాకినాడ ఆసుపత్రిలో చేర్చారు. ఇప్పుడు అద్దాల పెట్టెలున్నాయి, డాక్టర్లున్నారు, ఏం పరవాలేదని అందరూ చెబుతున్నారు. నాకూ తెలుసు. నెత్తిన నారింజకాయంత టోపీ, ఒళ్ళో ఇంకోటి సగం అల్లింది, పక్కన ఫోను. చెయ్యి వణుకుతోంది, వణకనిస్తున్నాను. సంగతి తెలిసి స్కూటరు మీద వచ్చిన మా తమ్ముడు ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. బయట ఎండ మండిపోతోంది, నా మెడమీంచి చెమట కారుతోంది. వాడు కాసేపు నన్ను, నా నెత్తిన ఉన్నదాన్ని చూశాడు. లేచి ఫ్యాను ఇంకాస్త పెంచి వచ్చి కూర్చున్నాడు. టోపీ తియ్యమని మాత్రం అనలేదు.