మోత్ర అడిగిన కప్పు నీళ్ళు

మోత్రను మంత్రగత్తె అన్నవాళ్ళలో సగం మంది చిన్నప్పుడు ఆమె ఊదిన నీళ్ళు తాగి బతికినవాళ్ళే. ఈ మాట నేను మా ఊళ్ళో పాల కేంద్రం ముందు నిలబడి అందరూ వినేలా అన్నాను. డబ్బాలు చేతబట్టుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు.

మోత్రది మా కంచె అవతలి ఇల్లు. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. మొగుడు యుద్ధానికి పోయి తిరిగి రాలేదు, పిల్లలు లేరు. ఉమ్మడి పొలంలో అందరితో పాటు దుంపలు తవ్వేది. ఆ పని ముగిశాక ఎవరు పిలిస్తే వాళ్ళింటికి వెళ్ళి మంత్రం వేసేది. ఈ చిత్తడి నేలల్లో ప్రతి ఊరికీ అలాంటి మనిషి ఒకరు ఉండేవారు. మంత్రాన్ని పైకి చదవరు, పెదాల మీదే గొణుగుతారు. మోత్ర దాన్ని అమ్మమ్మ దగ్గర నేర్చుకుంది. అందులో దేవుని తల్లి ఉంటుందనీ, వేకువ చుక్క కూడా ఉంటుందనీ మాత్రం నాకు చెప్పింది.

ఆమెకు బాగా చేతనైంది జడుపు తీయడం. కుక్క మీద పడితే మాట పోయిన పిల్లలు, ఉరుముకు ఉలిక్కిపడి నిద్ర మానేసినవాళ్ళు ఆమె కోసం చూసేవారు. పిల్లాడి తల మీద నీళ్ళ గిన్నె పట్టించి, అందులోకి కరిగిన మైనం పోసేది. గడ్డకట్టిన ముద్ద దేని ఆకారంలో ఉందో తిప్పి చూసి, "ఛీ, ఇంతోటి మొగాడు బాతును చూసి జడుసుకున్నాడా!" అని నవ్వేది. దాంతో పిల్లాడూ నవ్వేవాడు.

ఈ పనికి రెండు కట్టుబాట్లు ఉన్నాయి. నీళ్ళు ఆ ఇంటివే కావాలి, వాటిని ఆమె నోరు తెరిచి అడగాలి. పని అయ్యాక నీ మేలు మరిచిపోలేమనో, చల్లగా ఉండమనో ఎవరూ అనకూడదు. అంటే మంత్రం పట్టదు. ఈ రెండో కట్టుబాటును మాత్రం మా ఊరు పొల్లుపోకుండా పాటించింది.

ఒక వసంతంలో పనాస్ వాళ్ళ ఆవు పాలల్లో నెత్తురు పడింది. పనాస్ ఉమ్మడి పొలంలో బండి తోలేవాడు. అతని భార్య హాప్కకూ మోత్రకూ కోళ్ళ మీద గొడవై మాటల్లేవు. అందుకని పనాస్ పెళ్ళానికి చెప్పకుండా పొద్దున్నే మోత్ర కంచె దగ్గరికొచ్చాడు. నేను ఇవతల బంగాళాదుంపలు నాటుతున్నాను. ప్రతి మాటా విన్నాను.

"మోత్రక్కా, ఒక్కసారి వచ్చి ఆవును చూడవే. హాప్క మాటలు మనసులో పెట్టుకోకు."

"హాప్కతో నాకేం పనిరా? ఆవేం చేసింది పాపం! నువ్వు పో, నేనొస్తా."

అతను అటునుంచి అటే బండి కట్టుకుని పోయాడు. అక్కడ ఇంట్లో హాప్క చేస్తున్న పని అతనికి తెలియదు. పాలు వడగట్టే గుడ్డను సూదులతో పాటు కుండలో వేసి పొయ్యి మీద మరిగిస్తోంది. అలా మరిగిస్తే పాలు చెడగొట్టిన మంత్రగత్తెకు ఒళ్ళంతా సూదులు గుచ్చుకుంటాయట. ఓర్చుకోలేక ఆ ఇంటికి పరుగెత్తుకొచ్చి, ఏదో ఒకటి ఇమ్మని అడుగుతుందట. ఎవరు ముందు వచ్చి అడిగితే వాళ్ళే దొంగ. చూడ్డానికి నలుగురు ఆడవాళ్ళు కూడా చేరి, తలుపు వైపు కళ్ళు పెట్టుకుని కూర్చున్నారు.

మోత్ర గడప దాటి, శిలువ గుర్తు వేసుకుని అంది:

"హాప్కా, మీ బావి నీళ్ళు ఒక కప్పు ఇయ్యి."

అడక్కపోతే పని మొదలుకాదు కదా! ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. ఒక్కొక్కరూ తమ ఇళ్ళల్లో ఆమెకు నీళ్ళిచ్చినవాళ్ళే. అయినా గొల్లుమన్నారు. హాప్క గరిటెడు మరిగే నీళ్ళు తీసి ఆమె మీదికి విసిరింది. కుడిచెయ్యి మణికట్టు దాకా బొబ్బలెక్కింది.

సాయంత్రం పనాస్ బండి దిగగానే ఎదురెళ్ళాను. వీధి అంతా అక్కడే ఉంది.

"పనాస్ మామా, చెప్పు. పొద్దున పెద్దమ్మను పిలిచింది నువ్వా కాదా?"

అతను హాప్క వైపు చూశాడు. తర్వాత గుర్రం గిట్టల వైపు చూశాడు.

"నాకేం గుర్తులేదే."

"గుర్తులేదా? నిద్రలో నడిచొచ్చావా కంచె దాకా?"

"ఏమే ఓదార్కా, పరాయి మొగుడి నోట్లో మాటలు పెట్టకు," అని హాప్క అరిచింది. "దాని పక్కింటిదానివి, దాని పాటే పాడతావు!"

ఆవు దానంతటది తేరుకుంది. ముళ్ళు గీరుకునే నెత్తురు పడింది, పొదుగు మానదా? కానీ అది సూదుల మహిమైపోయింది. మోత్ర చేతి మీది మచ్చ సాక్ష్యమైపోయింది. చూశారా, సూదులు గుచ్చుకున్న గుర్తులు అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ గరిటె ఎవరిదో చూసిన కళ్ళే కదా అవి!

అయినా పిలవడం మానారా? మానలేదు. వీధి గుమ్మం మానేసి దొడ్డిదారిన వచ్చారు. కానీ ఒక్క ఆడపిల్లను కూడా ఆమె దగ్గర మంత్రం నేర్చుకోవడానికి పంపలేదు. మోత్ర ఎవరినీ కాదనలేదు. కానీ ఆనాటి నుంచి ఏ ఇంట్లోనూ నీళ్ళు అడగలేదు. తన బావి నీళ్ళు సీసాలో పోసుకుని కొంగు కింద పెట్టుకుని వెళ్ళేది.

"అలాగైతే పనిచేస్తుందా పెద్దమ్మా?" అన్నాను.

"సగమే పనిచేస్తుందే. ఏం చెయ్యను, నా నోరు రావట్లేదు."

ఆ నోరు అట్లా చాలా ఏళ్ళు మూతబడే ఉంది. చివరికి ఆమె మంచం పట్టింది. ప్రాణం వెంటనే పోలేదు. ముసలి ప్రాణం, దాని తీరిక దానిది. మా ఊరికి అది చాలదా! ఇంటి పైకప్పు పలక ఒకటి ఊడదీస్తే గాని మంత్రగత్తె ప్రాణం పోదని మా వాళ్ళ నమ్మకం. పలక లేచిందంటే మోత్ర మంత్రగత్తేనని ఊరంతా ముద్ర వేసినట్టే. ఆ ముద్రతో ఆమెను మట్టిలో పెట్టనివ్వకూడదని నేను మంచం పక్కనే కూర్చున్నాను.

ఒక మధ్యాహ్నం గోడకు ఏదో ఆనిన చప్పుడైంది. బయటికెళ్ళి చూస్తే నిచ్చెన మీద పనాస్, చేతిలో గునపం. వాకిట్లో జనం, ముందు వరసలో హాప్క.

"దిగు మామా!"

"జాలితోనే ఎక్కానే తల్లీ. అంత బాధపడుతుంటే చూడలేకపోతున్నా."

"అబ్బో, జాలి! ఇన్నేళ్ళూ ఏ అటక మీద దాచావు?"

తెరిచిన కిటికీలోంచి మోత్ర గొంతు వినిపించింది. సన్నగా ఉన్నా మాటలు తేటగా ఉన్నాయి.

"పనాసూ, ఆ రోజు నోరు తెరవరా అంటే తెరవలేదు. ఇవాళ నా ఇంటికప్పు తెరుస్తావా?"

అతను నిచ్చెన మీదే ఆగిపోయాడు. గునపం జారి కింద పడింది. హాప్క ఏదో అనబోయింది. అతను ఆమె వైపు చూడలేదు.

"నేనే పిలిచాను," అన్నాడు. తర్వాత గొంతు పెంచాడు. "వినండి! ఆవును చూడమని ఆ రోజు ఆమెను నేనే పిలిచాను. పిలిస్తేనే వచ్చింది!"

ఆ ఒక్క మాట చెప్పడానికి ఆ పెద్దమనిషికి నిచ్చెన ఎక్కవలసి వచ్చింది. నేను సంతోషించలేదు. కాలిన చెయ్యి, సీసాలో నీళ్ళు, దొడ్డిదారి, అన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి.

లోపలి నుంచి మళ్ళీ పిలుపు వచ్చింది.

"పనాసూ, మీ బావి నీళ్ళు ఒక కప్పు ఇయ్యి."

అతను దిగి పరుగెత్తాడు. హాప్క తమ గేటుకు అడ్డంగా నిలబడితే పక్కకు నెట్టి వెళ్ళాడు. నీళ్ళు తెచ్చి తన చేత్తోనే అందించాడు. దాహమేమో అనుకుని నేను మోత్ర తల ఎత్తి పట్టుకున్నాను. ఆమె తాగలేదు. మచ్చపడిన చేత్తో కప్పు దగ్గరికి లాక్కుని, పెదాలు ఆనించి, చాలాసేపు గొణిగింది. తర్వాత కప్పు అతనికే ఇచ్చింది.

"తాగరా. నీ జడుపుకి."

పనాస్ మొత్తం తాగాడు. గడ్డం తడిసింది, కళ్ళూ తడిశాయి. ఆమె మంచం ముందు వంగి, "మోత్రక్కా, నీ మేలు..." అని మొదలుపెట్టాడు.

"నోర్మూయ్ మామా," అన్నాను. "మంత్రం పట్టనీ."