కూర్చునే గుండు

మా జిల్లా ఆటల చరిత్ర అని ఈమధ్య ఒక పుస్తకం అచ్చువేశారు. రాసిన పెద్దమనిషి నంద్యాలలో మా ఇంటికి రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ కాఫీ తాగి, నేను చెప్పిందంతా తలూపుతూ విన్నాడు. పుస్తకంలో కబడ్డీ ఉంది, కుస్తీ ఉంది, ఎద్దుల బండలాగుడు కూడా ఉంది. ఆళ్లగడ్డ ఆడపిల్లల బౌలింగు జట్టు గురించి ఒక్క వాక్యం లేదు. నా మాటను పక్కన పడేసినవాళ్లలో ఆయన మొదటివాడేం కాదు. ఇక నేనే రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో నేను ఆళ్లగడ్డ ఆడపిల్లల బడిలో డ్రిల్లు మాస్టరుని. ఒకరోజు పేపరు ఆటల పేజీలో ఒక ఫోటో వచ్చింది. ఆసియా దేశాల పోటీల్లో ఆడవాళ్ల బౌలింగు జట్టు. క్రికెట్ బౌలింగు కాదు. నున్నటి బాట మీద బరువైన గుండును దొర్లించి, చివర నిలబెట్టిన పది కొయ్యలను పడగొట్టే ఆట. జట్టుకు ఐదుగురు. ఫోటోలోని ఐదుగురూ భుజాల మీద చేతులేసుకుని నవ్వుతున్నారు. ఆ కాగితం కత్తిరించి వరండా గోడకు అంటించాను. వారం తిరక్కుండానే ఎనిమిదో తరగతి పిల్లలు ఐదుగురు ఆ ఐదుగురినీ పంచుకున్నారు. "రిబ్బను కట్టుకున్నామె నాది." "పో, ఆమె నాది. నువ్వు పొట్టామెను తీసుకో."

మా వరండా పొడుగ్గా ఉండేది, నాపరాళ్లు పరిచి ఉండేది. బాట దొరికినట్టే. కొయ్యల కోసం మంచంకోళ్లు చేసే వడ్రంగి దగ్గరికి పోయాను.

"పది కోళ్లేంది సారూ? రెండున్నర మంచాలా?" అన్నాడు.

"మంచానికి కాదప్పా, ఆటకు."

"ఆడోళ్లు మంచంకోళ్లు పడగొట్టే ఆటా! మా ఇంట్లో దినామూ ఆడ్తారులే," అని నవ్వి, చేసిచ్చాడు.

గుండు కోసం శిల్పుల కొట్టం తప్ప ఇంకో దారి లేదు. ఆళ్లగడ్డలో ఏ వీధిలో నిలబడినా ఉలి చప్పుడు వినపడే రోజులవి. ఒక పెద్ద శిల్పి నల్లరాయిలో చెక్కుతానన్నాడు. ఇరవై రోజుల తరువాత బొట్టు పెట్టి నా చేతికిచ్చాడు. అద్దంలా మెరిసిపోతోంది. కింద మాత్రం అరచేతిలో సగమంత మేర చదునుగా ఉంది.

"ఇదేందన్నా, ఇట్లుంటే దొర్లేదెట్లా?"

"కూచోని రాయి నా కొట్టంలో నుంచి బయటికి పోదు సారూ. దేవుడైనా, రోలైనా, ఏదైనా ముందు సక్కంగా కూచోవల్ల."

"ఇది దొర్లాల్సిన రాయి."

"దొర్లే రాయి ఏట్లో ఉంటాది, పోయి తెచ్చుకో."

నాలుగుసార్లు తిరిగాను. ఆయన చదును తీయలేదు. చివరికి ఆ గుండుతోనే మొదలుపెట్టాం. అది టక్కు టక్కుమని కుంటుకుంటూ నాలుగు రాళ్లు దాటి కూర్చునేది. పిల్లలు దానికి "పెద్దటీచరమ్మ" అని పేరు పెట్టారు. ఆ విషయం మా హెడ్‌మిస్ట్రెస్‌కు, అంటే అసలు పెద్దటీచరమ్మకు, తెలియదు.

ఉపాయం కనిపెట్టింది ఆ ఐదుగురిలో రుద్రవరం పక్క పల్లె నుంచి వచ్చే ఒక పిల్ల. అందరికంటే సన్నగా ఉండేది, తక్కువ మాట్లాడేది. ఒక మధ్యాహ్నం గుండును తిప్పి చదునును ఒక పక్కకు పెట్టి, రెండు చేతులతో వంగి వదిలింది. ఇరుసు మీద చక్రంలా పోయింది. చదును ఎక్కడా నేలను తాకలేదు. పది కోళ్లలో ఎనిమిది పడ్డాయి. ఆ దడదడకు అసలు పెద్దటీచరమ్మ పరుగెత్తుకొచ్చింది. కొన్నాళ్లకు ఏ నాపరాయి ఎటు వాలిందో, ఏ అతుకు దగ్గర గుండు ఎటు తిరుగుతుందో ఆ పిల్లకు కళ్లు మూసుకున్నా తెలిసేది. ఇప్పుడు కూడా నాపరాళ్ల వరండా కనపడితే ఆ చప్పుడే నా చెవుల్లో పడుతుంది.

తొమ్మిదో తరగతికి వచ్చాక ఆ పిల్ల నాయన బడికొచ్చాడు. పసుపుతోటలో పనికి మనిషి లేదని, పరీక్షలు కాగానే చదువు మాన్పిస్తానని చెప్పాడు. నేను ఊరుకోలేదు. పిల్ల చేతిలో గొప్ప పనితనముందని, ఢిల్లీలో జరగబోయే ఆసియా పోటీల ఎంపికకు హైదరాబాదు నుంచి పిలుపు రావచ్చని చెప్పాను. ఆయన చాలాసేపు గోడమీది ఫోటో చూశాడు.

"గవర్నమెంటు కాగితం వస్తే చదివిస్తా సారూ. నా మాట మాటే. రాకపోతే నన్నేం అనగాకు."

నంద్యాలకు ఆటల అధికారి వస్తున్నాడని తెలిసి, ఐదుగురినీ బస్సెక్కించాను. గోనెసంచిలో గుండు, ఇంకో సంచిలో కోళ్లు. కండక్టరు సంచి తెరిచి, బొట్టున్న నల్లరాయి చూసి చెప్పులు విడిచాడు.

"ఏ దేవుడప్పా?"

"దేవుడు కాదన్నా, ఆట గుండు," అని పిల్లలు ఒకటే నవ్వు.

నంద్యాలలో ఒక బడి ప్రార్థన హాల్లో ఆడి చూపించారు. రుద్రవరం పిల్ల రెండు విడతల్లో పదీ పడగొట్టింది. అధికారి లేచి వచ్చాడు. "భలే ఉందే! ఇలా ఇవ్వండి, నేనూ ఒకటి వేస్తాను," అన్నాడు.

"సార్, ఆ చదును పక్కకు పెట్టుకోవల్ల," అంది పిల్ల.

"నాకు నేర్పుతావా అమ్మాయ్?" అంటూ బలంగా వదిలాడు. గుండు టక్కు టక్కుమని హాలు నడిమధ్యకు పోయి, శిల్పి కోరుకున్నట్టే, సక్కంగా కూర్చుంది.

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. అది దాచను. అందరికంటే గట్టిగా నవ్వింది నేనేనేమో కూడా. అధికారి చేతులు దులుపుకుని, "రాస్తాలెండి మాస్టారూ, పైకి రాస్తాను," అన్నాడు. పిల్ల కోసం నేను రాసిచ్చిన దరఖాస్తును మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కాగితం రాలేదు. నేను కర్నూలుకు రాశాను, హైదరాబాదుకు రాశాను, రసీదు కార్డులు పెట్టి మరీ రాశాను. కార్డులు సంతకాలతో తిరిగొచ్చేవి, జవాబు వచ్చేది కాదు. ఆ పిల్ల రోజూ పోస్టుమాను పోయేదాకా వరండాలో నిలబడేది. పరీక్షలయ్యాయి. వాళ్ల నాయన మాట తప్పలేదు. నేను చెప్పిందే జరగలేదు. జూన్‌లో బడి తెరిచేసరికి జట్టులో నలుగురున్నారు. ఐదో మనిషి లేకుండా ఆడబోమని ఆ నలుగురూ అన్నారు.

ఢిల్లీ ఆసియా పోటీల్లో ఆ ఆటే పెట్టలేదని తరువాత తెలిసింది. ఆ మాట చెప్పి నన్ను సముదాయించబోయినవాళ్లు ఉన్నారు. పెట్టినా పెట్టకపోయినా, పిల్ల పేరుతో ఒక కాగితం చాలు. ఆ నాయనకు కావలసింది అంతే.

ఎనభైల చివర్లో రుద్రవరం సంతలో ఆమె కనిపించింది. పసుపు అంటిన చేతులు. "బాగుండావా సార్?" అంది. "ఆ పొద్దు మనం నగినందుకే ఆయన రాయలేదా సార్?" అని అడిగింది.

అయ్యా, అధికారి గారూ, మీరు నంద్యాలలోనే స్థిరపడ్డారని విన్నాను. మీరు పోయి ఉంటే, మీ తరువాత ఆ కుర్చీలో కూర్చున్నవారు పాత ఫైళ్లు తీయండి. ఆ దరఖాస్తు పైకి పోయిందా, మీ జేబులోనే ఉండిపోయిందా? పోకపోతే, నా నవ్వు వల్లనా, ఇంకే కారణం వల్లనా? నా వల్లనే అయితే అదే రాయండి, పోయి ఆమెకు చదివి వినిపిస్తాను. ఒక కార్డు ముక్క చాలు. నాకు జవాబు కావాలి.